పాపాయి గిన్నెలోకి కొత్త కూరగాయ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ భాగం ఆరేడు నెలల పిల్లల తిండి గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. ఈ జవాబులు నెలలు నిండి పుట్టి, బరువు సక్రమంగా పెరుగుతున్న పిల్లలకు వర్తిస్తాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ విషయం పిల్లల డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ప్రశ్న: మా పాపకు ఆరు నెలలు నిండి పదైదు రోజులు. రాగిజావ తాగుతుంది. మొన్న క్యారెట్ ఉడికించి పెడితే మొహం చిట్లించి ఉమ్మేసింది. మరుసటి రోజూ అంతే. "పసిబిడ్డకు కూరగాయలు అరగవు, తొమ్మిదో నెల దాకా ఆగు" అంటుంది మా అత్త. ఏ కూరగాయతో, ఎంతతో మొదలుపెట్టాలి? (ఒక తల్లి, తాడిపత్రి)

ఆగొద్దు. మీ పాప క్యారెట్‌ను కాదనలేదు. "ఇదేందబ్బా" అనుకుంది, అంతే.

ఇన్నాళ్ళూ ఆ నాలుకకు తెలిసిన పని చప్పరించడం ఒక్కటే. చెంచాలో వచ్చినదాన్ని నోట్లో వెనక్కి జరిపి మింగడం కొత్త విద్య. మొదట్లో నాలుక ముందుకే తోస్తుంది కాబట్టి పెట్టినదాంట్లో సగం గడ్డం మీదికి వస్తుంది. మొహం చిట్లించడమంటారా, అది కొత్త రుచికి ఏ బిడ్డయినా చేసేదే. చిట్లిస్తూనే మళ్ళీ నోరు తెరిచే పిల్లలు చాలామంది. అందుకే మొహాన్ని పట్టించుకోకుండా నోటిని చూడండి. తెరిస్తే ఇంకో చెంచా. పెదాలు బిగించినా, తల పక్కకు తిప్పుకున్నా ఆ పూటకు చాలు. ఒక కూరగాయను ఒప్పుకోవడానికి ఎనిమిది, పదిసార్లు రుచి చూడాల్సి రావడం మామూలే. మన ఇళ్ళల్లో మూడోసారికే "మా పాపకు క్యారెట్ పడదు" అని తేల్చేస్తారు, చిక్కంతా అక్కడే.

తొమ్మిదో నెల దాకా ఆగితే నష్టం ఉంది. పుట్టుకతో ఒంట్లో ఉన్న ఇనుము నిల్వ ఆరు నెలలకల్లా తగ్గిపోతుంది, తల్లిపాలలో ఇనుము తక్కువ. పైగా పలుకులుగా ఉన్న తిండి తొమ్మిది, పది నెలల దాకా నోటికి తగలని పిల్లలు తర్వాత మెత్తటిది తప్ప ముట్టకపోయే అవకాశం ఎక్కువ. మీ అత్తగారి భయం అరుగుదల గురించి కదా, బాగా ఉడికించి మెదిపిన కూరగాయ ఆరు నెలలు నిండిన బిడ్డకు చక్కగా అరుగుతుంది.

ఏది ముందు, ఏది వెనక అనే నియమమేమీ లేదు. తీపి గుమ్మడికాయ, క్యారెట్, గెణుసుగడ్డ, సొరకాయ, బీరకాయ, బీన్స్, ఏదైనా సరే. మా సలహా ఒక్కటే: వరసగా తియ్యటివే పెట్టకండి. గుమ్మడి తర్వాత బీన్స్, గెణుసుగడ్డ తర్వాత బీరకాయ, ఇలా మార్చండి. సొరకాయ, బీరకాయ వండేముందు పచ్చి ముక్క పెద్దవాళ్ళు నాలుకకు తగిలించి చూడాలి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారెయ్యండి. ఆ చేదు పదార్థం ఉడికించినా పోదు, పెద్దవాళ్ళకే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

వండే పద్ధతి గుమ్మడికాయతో చెబుతాం. 50 గ్రాముల ముక్క, అంటే రెండు వేళ్ళ వెడల్పు, వేలెడు పొడవు ఉన్నది చాలు. కడిగి, చెక్కు తీసి, గింజలు, పీచు గీకేసి అర అంగుళం ముక్కలు చెయ్యండి. ఇడ్లీ పాత్రలో నీళ్ళు మరిగాక ముక్కలను ఇడ్లీ ప్లేటు గుంటల్లో వేసి మూత పెడితే పది నిమిషాల్లో ఉడుకుతాయి. క్యారెట్‌కు పదిహేను, నార తీసిన బీన్స్‌కు పన్నెండు, గెణుసుగడ్డకు పదిహేను, బీట్‌రూట్‌కు ఇరవై అయిదు నిమిషాలు. ముక్కను రెండు వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే అడ్డు లేకుండా చితికిపోవాలి. అంచు చితికి మధ్యలో గట్టి తగిలితే ఇంకో అయిదు నిమిషాలు ఉంచండి. ఉడికినవాటిని స్టీలు వడపోతలో వేసి చెంచా వెనకవైపుతో రుద్దితే పీచు పైన ఆగి, మెత్తటి గుజ్జు కిందికి దిగుతుంది. గట్టిగా అనిపిస్తే ఒకటి రెండు చెంచాల కాచి చల్లార్చిన నీళ్ళో, పిండిన తల్లిపాలో కలపండి. ఉర్లగడ్డను మాత్రం మిక్సీకి వెయ్యొద్దు. అందులోని పిండిపదార్థం బంకలా సాగి బిడ్డ అంగిలికి అతుక్కుంటుంది, గరిటెతో మెదపడమే మేలు.

చిక్కదనం దగ్గరే చాలామంది పొరబడతారు. చెంచా వంచితే గుజ్జు నిదానంగా జారాలి, చుక్కలుగా కారిపోకూడదు. పలచన చేస్తే మింగడం సులువనుకుంటారు గానీ పిడికెడంత కడుపు నీళ్ళతో నిండిపోతే బలం ఎక్కడినుంచి వస్తుంది? రాగిజావకూ ఇదే కొలత. మీరు "తాగుతుంది" అని రాశారు కాబట్టి చెబుతున్నాం, జావను గ్లాసుతో తాగించేంత పలచన చేయకుండా చెంచాతో తినిపించేంత చిక్కగా కాయండి.

ఇంట్లో వండేవాటిలో ఉప్పు, చక్కెర, బెల్లం ఏడాది నిండేదాకా వద్దు. గుజ్జులో అర టీస్పూన్ నెయ్యి వెయ్యొచ్చు. క్యారెట్, గుమ్మడిలో ఉండి ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం కొవ్వు తోడుంటేనే బాగా ఒంటబడుతుంది.

కొత్తది పెట్టడానికి పొద్దున తొమ్మిది, పది గంటల వేళ మంచిది. దద్దురో వాంతో వస్తే పగలంతా మీ కంటి ముందుంటుంది, ఆసుపత్రీ తెరిచి ఉంటుంది. నకనకలాడే ఆకలితో ఉన్న బిడ్డ చెంచా చూస్తే ఏడుస్తుంది, కడుపు నిండిన బిడ్డ నోరు తెరవదు. కొంచెం పాలు పట్టి, మధ్యలో ఆపి చెంచా అందుకోండి. మొదటిరోజు ఒకటి రెండు టీస్పూన్లు. రెండోరోజు మూడు, మూడోరోజు నాలుగైదు. మూడు రోజులు ఆ ఒక్క కూరగాయే కొత్తది. అంతకుముందు అలవాటైన జావ, పప్పన్నం మామూలుగా పెట్టుకోవచ్చు. ఒకేరోజు రెండు కొత్తవి పెట్టి ఒళ్ళంతా దద్దుర్లొస్తే దోషం దేనిదో ఎట్లా తెలుస్తుంది? మూడు రోజులూ బాగుంటే దాన్ని పప్పన్నంలో కలిపెయ్యొచ్చు, నాలుగోరోజు ఇంకో కొత్తదానికి వెళ్ళొచ్చు. ఈ వయసులో రోజుకు రెండు మూడుసార్లు తిండి, పూటకు రెండు మూడు టేబుల్ స్పూన్లతో మొదలై ఎనిమిదో నెల చివరికి 250 మి.లీ. గిన్నెలో సగం దాకా వస్తుంది. తల్లిపాలు ఎప్పటిలాగే. తినిపించడం పావుగంట దాటితే అది తినిపించడం కాదు, కుస్తీ.

ప్రశ్న: మా అవ్వ బిడ్డను చాచిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో కూరగాయల గుజ్జు పోస్తుంది. బిడ్డ దగ్గుతాడు, కళ్ళనీళ్ళు తిరుగుతాయి. "అలవాటవుతుందిలే" అంటుంది. ఇట్లా పోయొచ్చా? (గుంతకల్లు)

పోయొద్దు. కాళ్ళ మీద స్నానం చేయించండి, తిండి మాత్రం కూర్చోబెట్టే పెట్టాలి. వెల్లకిలా ఉన్న బిడ్డ నోట్లో గుజ్జు పోస్తే మింగడానికి సిద్ధంగా లేకపోయినా అది గొంతు వెనక్కి జారిపోతుంది, కొంత ఊపిరిగొట్టంలోకి వెళ్తుంది. ఆ దగ్గు దానికే. మాటిమాటికీ ఇలా జరిగితే నిమ్ము చేస్తుంది. బిడ్డను ఒళ్ళో నిటారుగా, వీపు మీ పొట్టకు ఆనేలా కూర్చోబెట్టి, చిన్న చెంచాను పెదవి దగ్గర ఆపండి. నోరు తెరిచాక నాలుక మీద పెట్టి, బిడ్డ పెదాలు మూసి లాక్కునేదాకా ఆగండి. అవ్వను పక్కన కూర్చోబెట్టి ఆ చెంచా ఆమె చేతికే ఇవ్వండి. పని తీసేసుకుంటే నొచ్చుకుంటారు, పద్ధతి మారిస్తే ఒప్పుకుంటారు.

ఓకరించడానికీ గొంతుకు అడ్డం పడటానికీ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి. ఓకరింతలో చప్పుడుంటుంది, మొహం ఎర్రబడుతుంది, నాలుక బయటికొస్తుంది, బిడ్డే సర్దుకుంటాడు. అప్పుడు వేలు పెట్టి కెలకొద్దు. అడ్డం పడితే చప్పుడే ఉండదు. ఏడుపు రాదు, దగ్గు రాదు, పెదాలు నీలం తిరుగుతాయి. అప్పుడు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, దవడను అరచేతితో ఆనించి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు వెయ్యండి. పోకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్ళతో అయిదుసార్లు గట్టిగా నొక్కండి. ఊపిరి ఆడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తుండగా ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి.

ప్రశ్న: మాది బోరు నీళ్ళు. ఇరవై నిమిషాలు మరగకాచి బిడ్డ వంటకు వాడుతున్నాం. చాలునా? (కళ్యాణదుర్గం)

క్రిములకు చాలు, ఫ్లోరైడ్‌కు చాలదు. అనంతపురం జిల్లా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలిసిందే. అది మరిగిస్తే పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో దాని మోతాదు పెరుగుతుంది. నీళ్ళలో కరిగి ఉండే నైట్రేట్ అనే లవణం కూడా అంతే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. చిగుళ్ళ లోపల శాశ్వత దంతాలు తయారయ్యేది ఈ పసివయసులోనే కాబట్టి ఎక్కువైతే ఆ పళ్ళ మీద జీవితాంతం మచ్చలుంటాయి.

మామూలు క్యాండిల్ ఫిల్టరుతో ఫ్లోరైడ్ పోదు, ఆర్వో అయితే తగ్గిస్తుంది. బిడ్డ తాగే నీళ్ళకూ, జావకూ, పప్పు ఉడికించడానికీ ఆర్వో నీళ్ళో, పరీక్ష చేసిన కుళాయి నీళ్ళో వాడి, వాటిని ఒక్క పొంగు రానిచ్చి దించండి. కూరగాయలకు ఆవిరి పద్ధతి పట్టుకోండి, అందులో నీళ్ళు ముక్కలకు తగలవు. మీ బోరు సంగతి కచ్చితంగా తేలాలంటే గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి.

ప్రశ్న: రోజూ క్యారెట్, గుమ్మడి పెడుతున్నాం. బాబు ముక్కు, అరచేతులు పసుపుపచ్చగా అయ్యాయి. కామెర్లా? (ఆదోని)

కనుగుడ్ల తెలుపు చూడండి. అది తెల్లగానే ఉండి, మూత్రం మామూలు రంగులో ఉంటే ఆ పసుపు క్యారెట్‌దే. హాని లేదు. వారానికి రెండు మూడుసార్లకు తగ్గించి ఆకుపచ్చ కూరగాయలకు మారితే కొన్ని వారాల్లో పోతుంది. కళ్ళు కూడా పచ్చబడితే ఆరోజే డాక్టరు దగ్గరికి. అన్నట్టు, బీట్‌రూట్ పెట్టిన మర్నాడు డైపరులో ఎర్రగా కనిపిస్తే కంగారు పడకండి. బీట్‌రూట్ పెట్టకుండా ఎర్రగా కనిపిస్తే మాత్రం పడండి.

ప్రశ్న: ఆకుకూరలు ఎప్పుడు మొదలుపెట్టాలి? మునగాకులో ఇనుము బాగా ఉంటుందంటున్నారు, అదొక్కటి పెడితే సరిపోతుందా? (జమ్మలమడుగు)

మూడు నాలుగు కూరగాయలు అలవాటయ్యాక, ఏడో నెలలో మొదలుపెట్టండి. ఆకు విడిగా పెడితే నోటికి గరగరగా తగిలి పిల్లలు ఉమ్మేస్తారు, పెసరపప్పుతో కలిపితే దిగుతుంది. మునగాకు ఈనెలు పూర్తిగా తీసెయ్యాలి, సన్నటి పుల్లలే గొంతుకు తగులుకునేవి. రెండు టేబుల్ స్పూన్ల పెసరపప్పు ముప్పాతిక వంతు ఉడికాక, కడిగిన లేత ఆకు చిన్న పిడికెడు వేసి, ఏడెనిమిది నిమిషాలు ఉడకనిచ్చి, మెదిపి వడపోతలో రుద్దండి. మొదట ఒక టీస్పూన్ చాలు.

సరిపోతుందా అంటే, సరిపోదు. ఆకుల్లోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. పాలకూరలోని ఆక్సలేట్లు, రాగుల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టి ఉంచుతాయి. పుల్లటిది తోడైతే కొంత మేలు. ఉడికేటప్పుడు గింజలు తీసిన టమాటా ముక్క, లేకపోతే దించాక నాలుగు చుక్కల నిమ్మరసం. చీనీ (బత్తాయి) తొన పొర ఒలిచి, గింజ తీసి, లోపలి గుజ్జు చితిపి పెట్టినా మంచిదే. రాగులు మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండిలో ఫైటేట్లు తగ్గుతాయి. మాంసాహారం తినే ఇల్లయితే ఉడికించిన గుడ్డు, మెత్తగా మెదిపిన కోడి కార్జం ఆరు నెలలు నిండాక పెట్టొచ్చు, ఇనుముకు ఆకుల కన్నా కార్జమే గట్టి ఆధారం.

ఇవి కాక, ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ ఉంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 1 మి.లీ. అందులో 20 మి.గ్రా. ఇనుము ఉంటుంది. విరేచనం నల్లబడుతుంది, దానికి భయపడి చాలా ఇళ్ళల్లో సీసాను అలమార ఎక్కిస్తారు. ఎక్కించకండి.

ప్రశ్న: చెనిక్కాయలు (వేరుశనగ) పండే ఊరు మాది. పసిబిడ్డకు పైత్యమని, ఎలర్జీ వస్తుందని రెండేళ్ళ దాకా ముట్టించం. నిజమేనా? (రాయదుర్గం)

ఇది కూరగాయ ప్రశ్న కాకపోయినా జవాబు ఇవ్వాల్సిందే. ఆలస్యం చేస్తే ఎలర్జీ తప్పుతుందన్న మాట తిరగబడింది. 2015లో బయటికొచ్చిన లండన్ అధ్యయనం ఒకటుంది, పేరు లీప్. తీవ్రమైన తామర (ఎగ్జిమా) గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలను తీసుకుని, కొందరికి క్రమం తప్పకుండా వేరుశనగ పెట్టారు, కొందరికి అయిదేళ్ళ దాకా అసలు పెట్టలేదు. తిన్నవాళ్ళలోనే ఎలర్జీ బాగా తక్కువ వచ్చింది.

అయితే గింజ రూపంలో పెట్టకూడదు. అయిదేళ్ళ దాకా పలుకు కూడా వద్దు, ఊపిరిగొట్టంలో ఇరుక్కునేవాటిలో ఇది ముందుంటుంది. వేయించి, పొట్టు ఊది, మెత్తగా పొడి కొట్టి జల్లించండి. రెండు టీస్పూన్ల పొడిని గోరువెచ్చని నీళ్ళతో జారుగా కలపండి, లేదా జావలో కలపండి. మొదటిసారి చెంచా కొన మీద ఆనించి పది నిమిషాలు ఆగి, మిగతాది నిదానంగా పెట్టి, రెండు గంటలు గమనించండి. దద్దుర్లు, పెదాల వాపు, వరస వాంతులు, ఊపిరి ఎగబీల్చడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఏమీ లేకపోతే వారానికి రెండు మూడుసార్లు కొనసాగించండి, ఒకసారి పెట్టి మానేస్తే లాభం లేదు. బిడ్డకు ఇప్పటికే తీవ్రమైన తామర ఉంటే ముందు డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

బూజు పట్టినవి, నల్లబడినవి, ముడుచుకుపోయినవి ఒక్కటి కూడా లేకుండా ఏరాలి. వాటిలో ఉండే అఫ్లటాక్సిన్ విషం వేయిస్తే పోయేది కాదు. అమ్మకానికి పనికిరాని తాలు కాయలు ఇంట్లో వాడుకునే అలవాటు ఉంటుంది. పిల్లల పొడికి అవి వద్దు.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. పొద్దున చేసిపెడితే సాయంత్రం దాకా ఉంటుందా? (ఎమ్మిగనూరు)

బయట ఉండదు. మన ఎండాకాలంలో గంట దాటితే పెట్టకండి. వేడి తగ్గగానే మూతగిన్నెలో ఫ్రిజ్‌లో పెడితే 24 గంటలు. ఐసు ట్రేలో పోసి గడ్డకట్టిస్తే నెల దాకా ఆగుతుంది, ఒక్కో గడ్డ సుమారు ఒక టేబుల్ స్పూన్ కాబట్టి కొలతా తేలిక. కరెంటు పోయి గడ్డలు కరిగిపోయి ఉంటే తిరిగి గడ్డకట్టించకుండా పారెయ్యండి. ఆకుకూర, బీట్‌రూట్ మాత్రం ఏరోజుకారోజు వండండి. వాటిలోని నైట్రేట్, నిలవ ఉన్నకొద్దీ సూక్ష్మజీవుల వల్ల నైట్రైట్‌గా మారుతుంది, అది పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. గిన్నెలో ఎంగిలి చెంచా ముంచాక మిగిలినది దాచకూడదు. ముందే రెండు గిన్నెల్లో వేరు చేసుకోండి.

ప్రశ్న: ఆడపిల్ల కాబట్టి అయిదో నెలలో అన్నప్రాసన పెట్టారు. అప్పటినుంచే తిండి మొదలుపెట్టాలా? (పులివెందుల)

ముహూర్తానికి పాయసం పెదవికి తాకించండి, వేడుక జరిగిపోతుంది. అసలు తిండి 180 రోజులు నిండాకే. ఆ పాయసంలోగానీ, విడిగాగానీ తేనె మాత్రం ఏడాది లోపు నాకించొద్దు. అందులో ఉండే బాటులిజం క్రిమి బీజాలు పసిపేగుల్లో పెరిగి నరాలను పట్టేస్తాయి.

ప్రశ్న: బాబుకు ఎనిమిదిన్నర నెలలు. అంగన్‌వాడీలో ఇచ్చిన బాలామృతం ఇష్టంగా తింటాడు. కూరగాయ ఏది పెట్టినా, మిక్సీ పట్టి మెత్తగా చేస్తే తప్ప మింగడు. చిన్న పలుకు తగిలినా ఉమ్మేస్తాడు. (కడప)

బాలామృతంలో చక్కెర, పాలపొడి ఉంటాయి, తియ్యగా ఉంటుంది కాబట్టి ఇష్టం. మానిపించే పని లేదు, అది బలమైన తిండే. కూరగాయను అందులో కలిపి దాచకండి, నాలుకకు తీపే తెలుస్తుంది తప్ప బీరకాయ తెలియదు. పొద్దున కూరగాయతో పప్పన్నం, సాయంత్రం బాలామృతం, ఇలా పూటలు వేరు చెయ్యండి.

మిక్సీని ఒక్కసారిగా మానకండి. ఇప్పుడు పెట్టే మెత్తటి గుజ్జులో చెంచాతో మెదిపినది నాలుగో వంతు కలపండి. మూడు నాలుగు రోజులకు సగం, వారానికి మొత్తం. పిల్లలకు చిరాకు తెప్పించేది పలచటి నీళ్ళలో తేలే గట్టి పలుకు. అంతా ఒకే చిక్కదనంలో ఉంటే అంతగా పట్టించుకోరు. పళ్ళు రాలేదని ఆగొద్దు, చిగుళ్ళే నలుపుతాయి. దీంతోపాటు రోజూ ఒకపూట వేలంత పొడవు ఉడికిన బీన్స్‌గానీ, వేళ్ళతో నొక్కితే చితికే క్యారెట్ ముక్కగానీ బిడ్డ చేతికే ఇవ్వండి. నేలపాలు చేస్తాడు, చెయ్యనివ్వండి. మీరు పక్కనే కూర్చోవాలి, పచ్చి క్యారెట్ మాత్రం ఇవ్వొద్దు.

బిడ్డకు వేరేగా వండే శ్రమ పదో నెల నుంచి తగ్గించుకోవచ్చు. ఇంట్లో పప్పుకూర ఉడికాక ఉప్పు, కారం, చింతపండు, తాలింపు పడకముందే ఒక గరిటెడు పక్కకు తీసి, గరిటె వెనకతో మెదిపి, మెత్తటి అన్నంలోనో సంగటిలోనో కలిపి పెట్టండి. కారం పడ్డాక నీళ్ళతో కడిగి పెట్టే పద్ధతి మాత్రం వద్దు, కడిగితే కారం పూర్తిగా పోదు, కూర రుచి పోతుంది.